మ్యాప్ గది: విస్కాన్సిన్‌లో గీతల పోరు

‘ఓటూ హద్దూ’ చరిత్ర ధారావాహిక – 6

2011 ఆగస్టు 9, మంగళవారం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆరుగురు రిపబ్లికన్ సెనేటర్ల పదవులు ఉంటాయో ఊడతాయో ఓటర్లు తేల్చే రోజు. గెలిచిన ప్రతినిధిని పదవీకాలం మధ్యలోనే వెనక్కి పిలిచే ‘రీకాల్’ ఎన్నిక అది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కొత్త గవర్నర్ స్కాట్ వాకర్ ప్రభుత్వోద్యోగుల సంఘాలకున్న బేరసారాల హక్కును దాదాపు తుడిచిపెట్టే బిల్లు తెచ్చారు. రాజధాని మాడిసన్‌లో వేలాది మంది శాసనసభ భవనంలోకి వెల్లువెత్తారు. కోరం దక్కనివ్వకూడదని 14 మంది డెమోక్రాటిక్ సెనేటర్లు సరిహద్దు దాటి ఇల్లినాయ్‌లో మకాం పెట్టారు. ఆ వేడి చల్లారకముందే వచ్చిపడింది ఈ రీకాల్. రాత్రి ఫలితాలు వచ్చేసరికి ఇద్దరు ఓడారు, నలుగురు గట్టెక్కారు. సెనేట్‌లో రిపబ్లికన్ల ఆధిక్యం 17–16కి పడిపోయినా చేజారలేదు.

అదే రోజు వాకర్ ‘43వ చట్టం’ అనే మరో బిల్లు మీద సంతకం పెట్టారు. దాన్నిండా వార్డుల నంబర్లూ సరిహద్దుల వివరాలే. చదవబోతే నిద్ర ముంచుకొస్తుంది. రీకాల్‌లో ఓడినవాళ్లకు మరో ఎన్నికలో మళ్లీ అవకాశం రావచ్చు. కానీ రాష్ట్రంలోని 99 అసెంబ్లీ, 33 సెనేట్ నియోజకవర్గాల హద్దులను తిరగరాసిన ఈ చట్టం ప్రభావం మాత్రం పన్నెండేళ్లకు పైగా ఆ రాష్ట్రాన్ని వదల్లేదు.

గత సంచికలో 1812 నాటి మసాచుసెట్స్ చూశాం. గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకంతో అమల్లోకి వచ్చిన హద్దుల వల్ల, తక్కువ ఓట్లు తెచ్చుకున్న ఆయన పార్టీకే 40 సెనేట్ స్థానాల్లో 29 దక్కాయి. జెర్రీమాండరింగ్ అన్న మాట అప్పుడే పుట్టింది. రెండు శతాబ్దాల తర్వాత విస్కాన్సిన్‌లో జరిగిందీ అలాంటి పనే. కాకపోతే 1812లో అంచనాల మీద నడిచిన వ్యవహారం 2011 నాటికి వీధివీధి లెక్కతో నడిచింది.

పెన్ను ఎవరి చేతిలో

పదేళ్లకోసారి జనగణన అవుతుంది. జనం ఊళ్లు మారతారు కాబట్టి నియోజకవర్గాల్లో జనాభా సమానంగా ఉండేలా హద్దులు సవరించాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పని శాసనసభదే. మామూలు బిల్లులాగే ఉభయ సభలూ ఆమోదించాలి, గవర్నర్ సంతకం చేయాలి. అక్కడి గవర్నర్ మన గవర్నర్లలా ఢిల్లీ నుంచి వచ్చేవారు కాదు; ప్రజలే ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రికున్నంత పని ఉంటుంది, బిల్లును వీటో చేసే అధికారం అదనం.

మన దగ్గర ఈ పెన్ను ఎమ్మెల్యేల చేతికి ఇవ్వరు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ నాయకత్వంలోని డీలిమిటేషన్ కమిషన్ ఖరారు చేసిన హద్దులతోనే 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 294 స్థానాలకు ఓటేసింది. శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ నియోజకవర్గాలు అప్పుడు పుట్టినవే. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఆ కమిషన్‌లో అనుబంధ సభ్యులుగా కూర్చుంటారు, అభ్యంతరాలు చెబుతారు. నిర్ణయం మీద ఓటు మాత్రం వేయలేరు. విస్కాన్సిన్‌లో అలాంటి అడ్డు ఏదీ లేదు. ఎవరి సీటు హద్దులు వాళ్లే ఆమోదించుకోవచ్చు.

అయినా 2011కు ముందు అక్కడ పెద్ద గొడవ లేకపోవడానికి కారణం ఉంది. 1980ల నుంచి పదేళ్లకోసారి వచ్చే పునర్విభజన సమయానికి అధికారం రెండు పార్టీల మధ్య చీలి ఉండేది. ఒకరు గీసింది మరొకరు ఒప్పుకునేవారు కాదు. చివరికి 1982లో, 1992లో, 2002లో ఫెడరల్ న్యాయమూర్తులే హద్దులు గీయాల్సివచ్చింది.

2010 నవంబరు ఎన్నికలు ఆ సంతులనాన్ని చెరిపేశాయి. అప్పటికి గవర్నర్ పదవి, రెండు సభలు డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి. ఒక్క రాత్రిలో మూడూ రిపబ్లికన్ల వశమయ్యాయి. దీని వెనుక ప్రజాగ్రహం ఒక్కటే లేదు, ముందుచూపు కూడా ఉంది. రిపబ్లికన్ స్టేట్ లీడర్‌షిప్ కమిటీ అనే సంస్థ క్రిస్ జాంకోవ్‌స్కీ ఆధ్వర్యంలో ‘రెడ్‌మ్యాప్’ అనే పథకం నడిపింది. జనగణన ఏడాదిలో రాష్ట్ర శాసనసభలు గెలిస్తే పదేళ్ల హద్దులు చేతికొస్తాయి కాబట్టి, దేశం చూపంతా వాషింగ్టన్ మీద ఉన్నప్పుడు చిన్నచిన్న అసెంబ్లీ స్థానాల మీద డబ్బు పోయాలన్నది ఆ పథకం. దాదాపు 3 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. ఇందులో దాపరికం కూడా లేదు. పార్టీ వ్యూహకర్త కార్ల్ రోవ్ 2010 మార్చిలోనే వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాసి ఈ లెక్క బయటపెట్టారు.

రిపబ్లికన్లకే పరిమితమైన విద్య కాదిది. అదే 2011లో మేరీలాండ్‌లో, ఇల్లినాయ్‌లో పెన్ను డెమోక్రాట్ల చేతిలో ఉంది. వాళ్లూ చేతనైనంత గీసుకున్నారు.

చౌరస్తా అవతలి గది

మాడిసన్‌లో శాసనసభ భవనం చుట్టూ చతురస్రాకారంలో వీధి ఉంటుంది. ఆ వీధికి ఆవల ఒక న్యాయవాద సంస్థ కార్యాలయంలోని ఒక గదికి ‘మ్యాప్ రూమ్’ అని పేరు పడింది. 2011 వసంతమంతా హద్దుల పని అక్కడే సాగింది. శాసనసభా నాయకుల సహాయకులు ఇద్దరు, ఒక మాజీ శాసనసభ్యుడు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించే కీత్ గాడీ సలహాదారుగా వచ్చారు.

ఆ గదిలో జరిగిందంతా తర్వాత కోర్టు రికార్డుల్లోకి ఎక్కింది. రిపబ్లికన్ సభ్యుల్ని ఒక్కొక్కరినే పిలిచేవారు. లోపలికొచ్చినవారు ముందు గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. తర్వాత ఎవరి నియోజకవర్గం వారికే చూపేవారు. మొత్తం రాష్ట్రం పటం కనిపించేది కాదు. డెమోక్రాట్లకు అసలు పిలుపే లేదు. సభ్యులతో మాట్లాడేందుకు ఒక సహాయకుడు రాసుకున్న నోట్సులో, ఇప్పుడు ఆమోదించే పటాలే పదేళ్ల తర్వాత ఈ సభలో ఎవరు కూర్చుంటారో నిర్ణయిస్తాయని ఉంది. బయట చెప్పే మాటలు వేరుగా ఉండొచ్చు, వాటిని పట్టించుకోవద్దని మరో సూచన కూడా దొరికింది.

కంప్యూటర్లలో మిగిలిన ఫైళ్లు అంతకన్నా సూటిగా మాట్లాడాయి. పునర్విభజన ముసాయిదాలకు పెట్టుకున్న పేర్లలో ‘అసర్టివ్’, ‘అగ్రెసివ్’ అనేవి ఉన్నాయి. గట్టిగా, ఇంకా దూకుడుగా అన్నమాట. ప్రతి ముసాయిదా పక్కన ఎన్ని స్థానాలు ఖాయం, ఎన్ని మొగ్గు, ఎన్ని అటూఇటూ అని పట్టికలు. గాడీ తయారుచేసిన గణిత నమూనా మరో మెట్టు పైకెళ్లింది. రాష్ట్రంలో గాలి ఎటు వీచినా, ఎన్ని శాతం ఓట్లు అటుకో ఇటుకో జరిగినా, ఎన్ని సీట్లు నిలుస్తాయో రంగురంగుల వక్రరేఖల్లో చూపింది. మామూలుగా ఊహించదగిన ఏ ఎన్నికలోనైనా ఆధిక్యం పోదని ఆ రేఖలు చెప్పాయి.

ఆనవాయితీ ప్రకారం ముందు పట్టణాలు, కౌంటీలు తమ వార్డుల హద్దులు ఖరారు చేసుకోవాలి. వాటిని ఇటుకల్లా పేర్చి శాసనసభ నియోజకవర్గాలు కట్టాలి. 2011లో వరస తిరగబడింది. ముందు నియోజకవర్గాలు వచ్చాయి, తర్వాత వాటికి తగ్గట్టు ఊళ్లు వార్డులు సర్దుకున్నాయి. జులై 11న బిల్లు బయటకొచ్చింది, 13న ఒకే ఒక్క బహిరంగ విచారణ, 20 నాటికి రెండు సభల ఆమోదం. రీకాల్‌లో సెనేట్ చేజారుతుందేమోనన్న తొందర అది.

ఊరు రెండుగా

ఒక చిన్న లెక్క. 500 మంది ఓటర్లు, వందేసి మందితో 5 నియోజకవర్గాలు. నీలం పార్టీకి 260 మంది, ఎరుపు పార్టీకి 240 మంది అనుకుందాం. హద్దులు గీసేది ఎరుపు పార్టీ. మొదటి నియోజకవర్గంలో నీలం ఓటర్లను 90 మందిని కుక్కేస్తుంది, ఎరుపువాళ్లు 10 మందే. మిగిలిన 170 నీలం ఓట్లను నాలుగు చోట్లా 42, 43 చొప్పున పంచుతుంది. అక్కడ ఎరుపుకు 57, 58 వస్తాయి. ఫలితం: నీలానికి ఎక్కువ ఓట్లు, ఒక్క సీటు, ఎరుపుకు తక్కువ ఓట్లు, నాలుగు సీట్లు. ఎవరి ఓటుహక్కూ పోలేదు, దొంగ ఓటు ఒక్కటీ పడలేదు.

ఇందులో ఉన్న కిటుకులు రెండే. ప్రత్యర్థిని ఒకచోట కుక్కడం, మిగతా చోట్ల చెదరగొట్టడం. గెలుపుకు 51 చాలు కాబట్టి మొదటి చోట నీలానికి 39 ఓట్లు మిగులు. ఓడిన నాలుగు చోట్ల 170 వృథా. మొత్తం 209. ఎరుపుకు ఇలా లెక్కేస్తే 36 మాత్రమే. ఈ తేడాను మొత్తం ఓట్లతో భాగిస్తే వచ్చే శాతాన్ని నికొలస్ స్టెఫనొపౌలోస్, ఎరిక్ మెక్‌గీ అనే ఇద్దరు పండితులు ‘ఎఫిషియెన్సీ గ్యాప్’ అన్నారు. పై ఉదాహరణలో అది 35 శాతానికి దగ్గర. నిజమైన రాష్ట్రాల్లో అంత ఉండదు. విస్కాన్సిన్‌లో 2012లో సుమారు 13 శాతం, 2014లో 10 శాతం దాకా ఉందని తర్వాత ఫిర్యాదీలు కోర్టు ముందు లెక్క చూపారు.

ఈ లెక్క నేల మీద ఎలా ఉంటుందో షిబాయ్‌గన్ చూపిస్తుంది. మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున, మిల్వాకీకి ఉత్తరాన ఉన్న పట్టణం. జనాభా 50 వేలకు అటూఇటూ. కార్ఖానాల ఊరు, కార్మికుల ఓట్లు ఎక్కువ, డెమోక్రాట్ల వైపు మొగ్గు. ఊరిని ఆనుకుని రిపబ్లికన్లకు ఓటేసే పల్లెలు. పాత పటంలో పట్టణమంతా దాదాపు ఒకే నియోజకవర్గం, 26వది. ఆ సీటు ఒకసారి అటు, ఒకసారి ఇటు మారేది. 43వ చట్టం పట్టణాన్ని రెండుగా చీల్చింది. ఒక సగాన్ని 26లో, మరో సగాన్ని 27లో వేసి, రెండింటికీ చుట్టుపక్కల పల్లెలు జతచేసింది. ఆ చీలిక ఉన్నంతకాలం రెండు స్థానాలూ రిపబ్లికన్లవే. పట్టణవాసులు ఎవరూ ఇల్లు మారలేదు, చాలామంది పార్టీ కూడా మారలేదు. వాళ్ల ఓటు మాత్రం రెండు చోట్లా మైనారిటీ అయిపోయింది.

ఇంకో వాస్తవాన్ని దాటవేయకూడదు. విస్కాన్సిన్ డెమోక్రాట్లు మిల్వాకీ, మాడిసన్ నగరాల్లో గుంపుగా ఉంటారు. మాడిసన్‌లో కొన్ని చోట్ల వాళ్లకు 80 శాతానికి పైగా వస్తుంది. అంటే ఎవరూ కుక్కకుండానే వాళ్లు కొంత కుక్కుకుని ఉన్నారు. ఏ పార్టీ లెక్కా చూడకుండా గీసినా రిపబ్లికన్లకు ఒకింత మేలు జరుగుతుంది. తమ విజయాలకు అసలు కారణం ఈ భౌగోళికమేనని ఆ పార్టీ ఇన్నేళ్లూ వాదించింది. ఆ వాదంలో నిజం లేకపోలేదు. అయితే భౌగోళికం ఒక్కటే పని చక్కబెట్టేటట్టయితే ఆ గదిలో అన్ని ముసాయిదాలు, అన్ని పట్టికలు అవసరమయ్యేవి కావు.

ఓట్లు ఒకవైపు, సీట్లు ఒకవైపు

మొదటి పరీక్ష 2012 నవంబరు. అధ్యక్ష ఎన్నికలో బరాక్ ఒబామా విస్కాన్సిన్‌ను దాదాపు 7 శాతం తేడాతో గెలిచారు. అసెంబ్లీ అభ్యర్థులందరి ఓట్లూ కలిపితే రిపబ్లికన్లకు వచ్చింది 48.6 శాతం. సీట్లు 99లో 60. 2014లో గాలి వాళ్ల వైపు తిరిగి 52 శాతం వస్తే 63 గెలిచారు.

2018 మరీ విచిత్రం. గవర్నర్, అటార్నీ జనరల్ సహా రాష్ట్రవ్యాప్తంగా జరిగిన ప్రతి పోటీలోనూ డెమోక్రాట్లే గెలిచారు. పాఠశాల విద్యాశాఖ అధిపతిగా ఉన్న టోనీ ఎవర్స్ 30 వేలలోపు తేడాతో వాకర్‌ను ఓడించారు. అసెంబ్లీ ఓట్లలో డెమోక్రాట్ల వాటా 53 శాతం దాకా వెళ్లింది. పోటీయే లేని స్థానాలు కొన్ని ఈ అంకెను పెంచాయన్నది నిజమే, గవర్నర్ ఎన్నికలో మాత్రం అలాంటి సాకు లేదు. ఇంతా చేసి అసెంబ్లీలో రిపబ్లికన్ల బలం 64 నుంచి 63కి దిగింది, అంతే. మాడిసన్, మిల్వాకీలను లెక్కలోంచి తీసేస్తే తమకు స్పష్టమైన ఆధిక్యం ఉండేదని స్పీకర్ రాబిన్ వాస్ వ్యాఖ్యానించారు. ఆ రెండూ రాష్ట్రంలోని అతిపెద్ద నగరాలు.

ఎవర్స్ జనవరిలో ప్రమాణం చేయాలి. డిసెంబరులో శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, రాత్రంతా మేల్కొని, రాబోయే గవర్నర్, అటార్నీ జనరల్ అధికారాలకు కత్తెర వేసే బిల్లులు ఆమోదించింది. దిగిపోతున్న వాకర్ వాటి మీద సంతకం పెట్టారు.

తర్వాతి ఏళ్లలో దీని ఫలితం పాలనలో కనబడింది. తుపాకీ కొనేవారి పూర్వాపరాలు తప్పనిసరిగా పరిశీలించాలన్న ప్రతిపాదనకు మార్క్వెట్ లా స్కూల్ సర్వేల్లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది మద్దతు పలికారు. దానిపై చర్చించమని 2019 నవంబరులో ఎవర్స్ ప్రత్యేక సమావేశం పిలిచారు. సభలు తెరిచారు, చర్చ ఊసే లేకుండా మూసేశారు. రాజ్యాంగం సమావేశం పెట్టమంది కానీ మాట్లాడమనలేదు కదా! హద్దులు నిష్పక్షపాతంగా గీయాలని 72 కౌంటీల్లో 50కి పైగా తీర్మానాలు చేసి పంపాయి. వాటికీ అదే గతి.

సుప్రీంకోర్టు గుమ్మంలో

తొలి కేసు 2012లోనే తేలింది. మిల్వాకీలోని రెండు స్థానాల్లో లాటినో ఓటర్లకు అన్యాయం జరిగిందని ఫెడరల్ కోర్టు వాటిని సరిచేయమంది, రహస్యంగా గీయడాన్ని తప్పుపట్టింది, మిగతా పటాన్ని వదిలేసింది.

అసలు పోరు 2015లో మొదలైంది. విశ్రాంత న్యాయశాస్త్ర ప్రొఫెసర్ విలియం విట్‌ఫర్డ్‌తో కలిపి 12 మంది ఓటర్లు ఫెడరల్ కోర్టుకెక్కారు. 2016 నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2–1 తేడాతో పటం చెల్లదంది. పార్టీ పక్షపాతం కారణంగా ఒక రాష్ట్ర శాసనసభ పటాన్ని ఫెడరల్ కోర్టు కొట్టేయడం మూడు దశాబ్దాల్లో అదే మొదటిసారి.

కేసు వాషింగ్టన్ చేరింది. 2017 అక్టోబరు 3న వాదనలు. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్‌కు ఎఫిషియెన్సీ గ్యాప్ లెక్క మింగుడుపడలేదు. అదంతా సామాజికశాస్త్రజ్ఞుల అర్థంకాని గోల అన్నట్టు కొట్టిపారేశారు. ఇలాంటి లెక్కల మీద ఒక పార్టీని గెలిపిస్తే వీధిలో నడిచే మనిషి కోర్టునే పార్టీ మనిషిగా చూస్తాడన్నది ఆయన బెంగ. అందరి కళ్లూ న్యాయమూర్తి ఆంథొనీ కెనడీ మీద ఉన్నాయి. పనికొచ్చే కొలబద్ద ఎవరైనా చూపిస్తే ఆలోచిస్తానని 2004లోనే తలుపు కాస్త తెరిచిపెట్టింది ఆయనే.

2018 జూన్ 18న తీర్పు వచ్చింది. అసలు ప్రశ్న జోలికే పోలేదు. విట్‌ఫర్డ్ ఉండేది మాడిసన్‌లో. హద్దులు ఎలా గీసినా ఆయన నియోజకవర్గంలో గెలిచేది డెమోక్రాటే, మరి ఆయనకు జరిగిన నష్టమేమిటి అని అడిగింది కోర్టు. ఎవరి సొంత నియోజకవర్గంలో వారికి హాని జరిగినట్టు నిరూపించమని కేసును వెనక్కి పంపింది. రాష్ట్రం మొత్తాన్ని చూస్తేనే కనబడే గాయాన్ని ఒక్కొక్క వీధిలో వెతకమన్నట్టయింది. తొమ్మిది రోజుల తర్వాత కెనడీ పదవీ విరమణ ప్రకటించారు.

మరుసటి ఏడాది జూన్ 27న ఉత్తర కరోలినా, మేరీలాండ్ కేసుల్లో 5–4 తేడాతో తలుపు మూసుకుంది. ఉత్తర కరోలినా కేసు నేపథ్యం గమ్మత్తైనది. పార్లమెంటు స్థానాల్లో 10 తమకు, 3 ప్రత్యర్థికి వచ్చేలా గీశామని, 11–2 కుదురుతుందనిపించలేదు కాబట్టి అక్కడ ఆగామని ఆ రాష్ట్ర రిపబ్లికన్ నాయకుడు డేవిడ్ లూయిస్ శాసనసభ కమిటీ సమావేశంలో బాహాటంగానే చెప్పారు. ఇంత తేటతెల్లంగా ఉన్నా ఫెడరల్ కోర్టులు ఇందులో వేలు పెట్టలేవని రాబర్ట్స్ రాశారు. ఇలాంటి ఫలితాలు అన్యాయంగా తోచడం సహజమేనని ఒప్పుకుంటూనే, న్యాయమైన వాటా ఎంతో కొలిచే సాధనం రాజ్యాంగంలో లేదన్నారు. రాష్ట్రాల రాజ్యాంగాలు, రాష్ట్ర కోర్టులు ఉన్నాయి కదా అని దారి చూపారు. ప్రజాస్వామ్యానికి అవసరమైన చోటే కోర్టు తప్పుకుందని న్యాయమూర్తి ఎలీనా కేగన్ తన అసమ్మతి తీర్పును న్యాయస్థానంలో చదివి వినిపించారు.

దీవుల నియోజకవర్గాలు

రాబర్ట్స్ చూపిన దారిలో విస్కాన్సిన్ వెళ్లింది, కానీ తిన్నగా కాదు.

2020 జనగణన తర్వాత శాసనసభ తన పటం పంపింది. ఎవర్స్ వీటో చేశారు. వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ 4–3తో కన్సర్వేటివ్‌ల ఆధిక్యం. కొత్త పటం పాతదానికి వీలైనంత దగ్గరగా ఉండాలని కోర్టు నియమం పెట్టింది. వినడానికి మధ్యేమార్గంలా ఉన్నా, పాతది అంటే 2011 నాటి మ్యాప్ గదిలో గీసినదే. ఆ నియమం ప్రకారం 2022 మార్చిలో మొదట ఎవర్స్ పటాన్నే ఎంచుకుంది. మిల్వాకీలో నల్లజాతి ఓటర్ల ఆధిక్యం ఉన్న స్థానాలు 6 నుంచి 7కి పెంచడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా సుప్రీంకోర్టు ఆ ఎంపికను రద్దుచేసింది. ఏప్రిల్‌లో రాష్ట్ర కోర్టు శాసనసభ పటాన్నే ఖాయం చేసింది. ఆ నవంబరులో ఎవర్స్ 3 శాతానికి పైగా తేడాతో మళ్లీ గెలిచారు. అవే ఓటర్లు వేసిన ఓట్లతో రిపబ్లికన్లు అసెంబ్లీలో 64, సెనేట్‌లో 22 స్థానాలకు చేరారు.

ఇక మిగిలింది న్యాయమూర్తుల ఎన్నిక. విస్కాన్సిన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్నీ ప్రజలే ఎన్నుకుంటారు. 2023 ఏప్రిల్ 4న ఒక స్థానానికి జరిగిన పోటీలో 5 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. అప్పటికి అమెరికా చరిత్రలో అంత ఖరీదైన న్యాయమూర్తి ఎన్నిక మరొకటి లేదు. మిల్వాకీ కౌంటీ న్యాయమూర్తి జానెట్ ప్రొటసేవిచ్ ఈ పటాలు మోసపూరితమని ప్రచారంలో బాహాటంగా అన్నారు. 11 శాతం తేడాతో గెలిచారు. పదిహేనేళ్ల తర్వాత కోర్టులో లిబరల్స్‌కు ఆధిక్యం వచ్చింది. ఆగస్టు 1న ఆమె పదవి చేపట్టారు, 2న కొత్త కేసు పడింది.

పోటీలో ఉండగా అభిప్రాయం చెప్పిన న్యాయమూర్తి కేసు వినడమేమిటని రిపబ్లికన్లు అభ్యంతరం చెప్పారు. పార్టీ ధనం మీద గెలిచిన న్యాయమూర్తి నిష్పాక్షికతను ప్రశ్నించడం అసంబద్ధమేమీ కాదు. అయితే స్పీకర్ వాస్ అక్కడితో ఆగలేదు. ఆమె తప్పుకోకపోతే అభిశంసన తప్పదన్నట్టు మాట్లాడారు. ఆమె గెలిచిన రోజే ఒక ఉపఎన్నిక ద్వారా సెనేట్‌లో రిపబ్లికన్లకు మూడింట రెండొంతుల బలం మళ్లీ దక్కింది కాబట్టి అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. మాజీ న్యాయమూర్తుల్ని సలహా అడిగితే అందులో ఒక కన్సర్వేటివే వద్దన్నారు. ఆ మాట మెల్లగా మరుగునపడింది.

2023 డిసెంబరు 22న 4–3 తీర్పు. ఎఫిషియెన్సీ గ్యాప్ ప్రస్తావన అందులో ఆధారం కాదు, పక్షపాతం కొలబద్ద కూడా కాదు. న్యాయమూర్తి జిల్ కరోఫ్‌స్కీ రాసిన తీర్పు 1848 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక మామూలు షరతు మీద నిలబడింది: నియోజకవర్గంలోని భూభాగమంతా ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. విస్కాన్సిన్‌లో పట్టణాలు దూరంగా ఉన్న పల్లె భూముల్ని కలుపుకోవడం వల్ల చాలా నియోజకవర్గాలకు విడివిడి తునకలు ఏర్పడ్డాయి. మాడిసన్ పరిసరాల్లోని 47వ అసెంబ్లీ స్థానాన్ని కోర్టు ప్రత్యేకంగా చూపింది. డజనుకు పైగా తునకలు, వాటిలో వేలమంది జనం. ఒక తునకలోంచి మరో తునకలోకి వెళ్లాలంటే పక్క నియోజకవర్గం దాటాలి. ఇలాంటివి 99 అసెంబ్లీ స్థానాల్లో 50, 33 సెనేట్ స్థానాల్లో 20 తేలాయి. దీవుల్లాంటి ఈ తునకలను దశాబ్దాలుగా అందరూ చూసీచూడనట్టు వదిలేశారు. అసమ్మతి తెలిపిన ముగ్గురి అభ్యంతరమూ అదే: ఇన్నాళ్లూ చెల్లింది ఇప్పుడెందుకు చెల్లదు?

కోర్టు నియమించిన ఇద్దరు నిపుణులు పార్టీలు ఇచ్చిన పటాలు పరిశీలించి, రిపబ్లికన్ల వైపు నుంచి వచ్చినవి పక్షపాతంతో గీసినవేనని తేల్చారు. తమ పటం నిలవదని శాసనసభకు అర్థమైంది. కోర్టు ఎంచుకునేదానికన్నా గవర్నర్ పటమే కాస్త నయమనుకుని 2024 ఫిబ్రవరిలో దాన్నే యథాతథంగా ఆమోదించింది. ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానించి డెమోక్రాట్లలో దాదాపు అందరూ తమ గవర్నర్ పటానికే వ్యతిరేకంగా ఓటేశారు. ఫిబ్రవరి 19న ఎవర్స్ సంతకం చేశారు.

కొత్త పటం, తొలి ఎన్నిక

2024 నవంబరులో అధ్యక్ష పదవికి డొనాల్డ్ ట్రంప్ విస్కాన్సిన్‌ను 30 వేలలోపు తేడాతో గెలిచారు. అదే రోజు అమెరికా సెనేట్ స్థానాన్ని డెమోక్రాట్ టామీ బాల్డ్విన్ ఇంచుమించు అంతే తేడాతో నిలబెట్టుకున్నారు. సరిగ్గా సగానికి చీలిన రాష్ట్రం. అసెంబ్లీలో రిపబ్లికన్లు 54, డెమోక్రాట్లు 45. అధికారం మారలేదు కానీ 64–35 నాటి అంతరం తగ్గింది. సెనేట్ 22–11 నుంచి 18–15కి వచ్చింది. షిబాయ్‌గన్ పట్టణాన్ని కొత్త పటం మళ్లీ 26వ నియోజకవర్గంలో కలిపింది; అక్కడ హోరాహోరీ పోటీలో డెమోక్రాట్ గెలిచారు. సెనేట్‌లో ఆ ఏడాది ఎన్నిక జరిగింది సరిసంఖ్య ఉన్న 16 స్థానాలకే. మిగతా 17 స్థానాలకు కొత్త హద్దుల పరీక్ష 2026 నవంబరులో.

పటం మారినా పద్ధతి మారలేదు. 2030 జనగణన తర్వాత హద్దులు గీసేది మళ్లీ శాసనసభే, సంతకం చేసేది మళ్లీ గవర్నరే. రెండూ ఒకే పార్టీకి దక్కితే 2011లో జరిగినదాన్ని ఆ పార్టీ మళ్లీ చేయకుండా ఆపే స్వతంత్ర కమిషన్ ఏదీ విస్కాన్సిన్‌లో లేదు. 2023 సెప్టెంబరులో, కోర్టు తీర్పు మెడ మీద వేలాడుతుండగా, అసెంబ్లీలోని రిపబ్లికన్లే హడావుడిగా ఒక సంస్కరణ బిల్లు తెచ్చారు. పన్నెండేళ్లుగా ఆ మాట ఎత్తిన డెమోక్రాట్లు ఈసారి నమ్మలేక వెనక్కి తగ్గారు. ఆ బిల్లుకు నమూనా మిసిసిపి నదికి ఆవల ఉన్న పొరుగు రాష్ట్రం అయోవా. 1980 నుంచి అక్కడ హద్దులు గీసేది పార్టీలకు సంబంధం లేని శాసనసభ సిబ్బంది; ఎవరు ఎవరికి ఓటేశారన్న వివరాలు చూడటమే వాళ్లకు నిషేధం. అలాంటి ఏర్పాటుకు అక్కడి రాజకీయ నాయకులు ఎలా ఒప్పుకున్నారన్నది వచ్చే సంచికలో.